ముగ్గు గోడల్లోంచి నడిచిన కమ్లీ

ఇళ్ళ పథకాల్లో వర్క్ ఇన్‌స్పెక్టర్లుగా కొత్తగా చేరుతున్న తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ ముందుగా ఒక హెచ్చరిక. ఇందులో నేను చెప్పే కొలతలు వేటినీ నమ్మకండి. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ప్రతి గోడ గురించీ అంగుళాలతో సహా నిజం రాయాల్సి వచ్చింది. అన్నేళ్ళు లోపల అణిచిపెట్టిన అతిశయోక్తి ఇప్పుడు శ్రావణంలో గోదావరిలా గట్లు దాటుతోంది. కొలతలు సగానికి తగ్గించుకోండి. మనుషుల సంగతి మాత్రం ఉన్నదున్నట్టే చెబుతాను.

నేను యాభై మూడేళ్ళకే ఉద్యోగం మానేశాను. ముందు నా మోకాళ్ళు రిటైరయ్యాయి. వాటిని వదిలి ఉండలేక వాటి వెనకే నేనూ దరఖాస్తు పెట్టుకున్నాను.

మన ఉద్యోగం అంటే ఇటుక, సిమెంటు, టేపు అనుకుంటారు బయటివాళ్ళు. అది మేస్త్రీల పని. మనది అడిగే పని. ఊళ్ళోకి వెళ్ళి, ఎలాంటి ఇల్లు కావాలి, మీ ఊరు రేపు ఎట్లా ఉండాలి అని అడిగి, వాళ్ళు చెప్పింది కాగితం మీద పెట్టాలి. ఇటుక వంకరపోతే మేస్త్రీ తాపీతో తట్టి సరిచేస్తాడు. అడగడం వంకరపోతే ఆ వంకరలోనే జనం జీవితాంతం కాపురం చేస్తారు. నేను రెండుసార్లు వంకరగా అడిగాను. మొదటిసారి నవ్వులపాలయ్యాను. రెండోసారి ఒక పెద్దావిడ మిగిలిన బతుకంతా ఎవరి పక్కన గడపాలో నా చేతి రాత తేల్చేయబోయింది. ఆ కథ చెప్పడానికే ఇదంతా.

మిర్చి బస్తాల గృహప్రవేశం

నా మొదటి ఊరు బోనకల్ అవతల, నల్లరేగడి నేలల్లో. రంగుల బొమ్మ ఒకటి పట్టుకుని వెళ్ళాను. బొమ్మలో ఇల్లు, ఇంటి ముందు పూలకుండీలు, ఆకాశంలో నాలుగు పిట్టలు. "బాగుందా?" అని అడిగాను. "బ్రహ్మాండంగ ఉంది సారూ" అన్నారు. సంతకాలు వర్షంలా కురిశాయి. మా డీఈ సారు, అంటే మా డిప్యూటీ ఇంజినీరు, నా భుజం తట్టారు. ఆయన మీసాల మీద రెండు నిమ్మకాయలు నిలబెడితే సాయంత్రం దాకా పడవు, అంత దిట్టమైన మీసాలు. "ప్రజాభిప్రాయం అంటే సంతకమేనయ్యా, మిగతాదంతా సొల్లు" అని ఉపదేశించారు. నేను నమ్మాను.

ఇళ్ళు కట్టాం. మరుసటేడు ఆ ఊరు వెళ్ళి తలుపు తట్టి లోపలికి తొంగి చూస్తే ఇంట్లో మిర్చి బస్తాలు కాపురం చేస్తున్నాయి. గదుల నిండా, కప్పు దాకా. మనుషులు బయట రేకుల పందిరి కింద వండుకుంటున్నారు. నేను తుమ్మిన తుమ్ముకు ఖమ్మం మార్కెట్లో ధర పడిపోయి ఉంటుంది.

"ఇదేందమ్మా, ఇంట్ల మీరుండరా?" అని అడిగాను ఇంటావిణ్ణి.

"మేము తడిస్తే ఆరుతం సారూ. మిర్చి తడిస్తే ఆరుతదా?"

"మరి బస్తాలకు జాగా కావాల్నని నాడు చెప్పలేదేం?"

"నువ్వు బొమ్మ బాగుందా అన్నవ్. బొమ్మ బాగనే ఉండె."

ఆ రోజు నుంచి బొమ్మ పక్కన పడేశాను. దాని బదులు ఒక అలవాటు చేసుకున్నాను. పునాది తవ్వే ముందు నేల మీద సున్నంతో గోడల గీతలు గీస్తారు కదా, దాన్ని ముగ్గు పోయడం అంటారు మేస్త్రీలు. ముగ్గు పోయించి, తవ్వకం ఆపి, ఆ కుటుంబాన్ని పిలిచి గంటసేపు ఆ గీతల మధ్య కాపురం చేయమనేవాణ్ణి. పొయ్యి ఎక్కడ పెడతావో పెట్టు. మంచం వెయ్యి. గిన్నెలు కడుగు. చుట్టమొస్తే ఎక్కడ కూర్చోబెడతావో కూర్చోబెట్టు. అప్పుడు తెలుస్తుంది అసలు అభిప్రాయం. మంచం వేస్తే తలుపు తెరుచుకోదనీ, పొయ్యి పొగ నేరుగా దేవుడి గూట్లోకి పోతుందనీ నోరు చెప్పదు, కాళ్ళు చెబుతాయి. ఆఫీసులో దీన్ని "ముగ్గు కాపురం" అని ఎగతాళి చేశారు. డీఈ సారయితే "శోభనం ఎప్పుడయ్యా?" అనేవారు.

అభిప్రాయాల జాతర

తర్వాత చాలా ఏళ్ళకు టేకులపల్లి అవతల అడవి అంచున ఒక తండా నా చేతికొచ్చింది. పేరు చెప్పను, వాళ్ళు సిగ్గుపడతారు. ముప్పై ఎనిమిది గడపలు. వానాకాలంలో వాగు పొంగితే తండా దీవి అయిపోతుంది. అందుకని రోడ్డు పక్కన కొత్త జాగా చూశారు. ఎవరికి ఏ నంబరు ప్లాటో, ఊరు ఎట్లా ఉండాలో తేల్చి శనివారానికల్లా జాబితా డీఈ సారు బల్ల మీద పెట్టాలి. ఆయన సంతకం పడితే బ్రహ్మదేవుడు దిగివచ్చినా నంబరు మారదు.

సోమవారం మీటింగు పెట్టాను. అక్కడ నాకు తోడు ఇద్దరు. ఒకరు సునీత, ఆ తండా ఆడబిడ్డ, టేకులపల్లిలో బడి పంతులమ్మ. తండావాళ్ళు తమలో తాము లంబాడీలో మాట్లాడుకుంటే నాకు తెలుగు చేసి చెప్పేది. రెండో మనిషి బూర్గంపాడు నుంచి వచ్చే కరీం మేస్త్రీ. తాత కాలం నుంచి వాళ్ళది తాపీ పనే. గోడను చూపుతోనే నిలువు పట్టేవాడు. నోరు మాత్రం ఎప్పుడూ వంకరే.

మీ ఊరు రేపు ఎట్లా ఉండాలి అన్నానో లేదో, అభిప్రాయాలు తేనెటీగల్లా లేచాయి.

"బస్సు మా తండల మర్లాలె సారూ. రోడ్డు మీద దింపి పోతే చుట్టాలు మమ్మల్ని చిన్నచూపు చూస్తుండ్రు."

"సెల్లు టవరు గావాలె. మాట్లాడాల్నంటే ఇప్పచెట్టు ఎక్కాలె, ఎక్కినంక చెప్పేది మర్సిపోతున్నం."

"బడికి గోడ గావాలె. పిలగాండ్ల కంటే మేకలే ఎక్కువ హాజరైతున్నయ్."

"పెండ్లికి డీజే బండి తిరిగేటంత వెడల్పు వీధి గావాలె."

"ఆ వెడల్పుల నా పత్తి ఆరబోస్త. డీజే గీజే నా పత్తి మీదికెళ్ళి పోతే కాళ్ళిరగ్గొడత!"

నేను అన్నీ రాసుకున్నాను. వరసలో అందరి వెనకాల ఇద్దరు ముసలమ్మలు కూర్చున్నారు. కమ్లీ, భూలీ. అన్నదమ్ముల భార్యలు, తోటికోడళ్ళు. ఇద్దరి భర్తలూ ఎప్పుడో పోయారు. పాత తండాలో ఇద్దరి ఇళ్ళకూ మధ్య ఒకే మట్టి గోడ. మీటింగు జరిగినంతసేపూ భూలీ ఆగకుండా కమ్లీని ఏదో తిడుతూనే ఉంది. ఆ గొంతుకు కిన్నెరసానిలో మొసళ్ళు ఒడ్డెక్కి ఉంటాయి. కమ్లీ కూడా తగ్గలేదు. తిట్లన్నీ లంబాడీలోనే. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు కానీ, తిట్టు అర్థం కావడానికి భాష ఎందుకండీ అనుకున్నాను. నా ఉద్యోగ జీవితంలో నేను చేసిన అతి పెద్ద తప్పు ఆ అనుకోవడమే.

వాళ్ళ వంతు వచ్చినప్పుడు భూలీ తెలుగులోకి దిగింది.

"సారూ, ఆ బండదానికి దూరంగ ఇయ్యి నాకు. పొద్దుగాల్నుంచి పొద్దుగూకేదాక అరిచి అరిచి నా గొంతు పోయింది."

"నా చెవులు పోయినయ్" అంది కమ్లీ, ఎటో చూస్తూ. "నాకు ఈ మూలకు ఇయ్యి, దానికి ఆ మూలకు ఇయ్యి. ఊరవతల ఇచ్చినా మంచిదే."

సునీత ఏదో చెప్పబోయి కమ్లీ మొహం చూసి ఆగిపోయింది. నేనది గమనించాను, పట్టించుకోలేదు. ఫారంలో రిమార్కుల గడి ఒకటుంటుంది, గోరంత గడి. దానిలో నా ముత్యాల దస్తూరీతో రాశాను: "వీరిద్దరికీ పడదు. దూరముగా ఇవ్వవలెను." కమ్లీకి ఒకటో నంబరు, భూలీకి ముప్పై ఎనిమిది. చేసిన పుణ్యానికి మురిసిపోతూ రెండు టీలు ఎక్కువ తాగాను.

గురువారం

గురువారం నాడు రోడ్డు పక్క జాగాలో కరీం మేస్త్రీ ముగ్గు పోశాడు. ఎర్రమట్టి మీద తెల్లటి గీతలు, హెలికాప్టర్ నుంచి చూసినా కనిపిస్తాయి. రెండో నంబరు ప్లాటులో మాత్రం నేల గట్టిదనం చూద్దామని నిలువెత్తు గొయ్యి తవ్వించి ఉంచాం. నా లెక్కలో నిలువెత్తు. టేపు లెక్కలో నాలుగడుగులు.

తండాకు తండా వచ్చింది. మంచాలు, గిన్నెలు, మేకలు, మంచం మీద పడుకున్న తాతతో సహా తెచ్చారు. ముగ్గు కాపురాలు మొదలయ్యాయి. కమ్లీ ఒక బిందె చంకనెత్తుకుని తన ఒకటో నంబరులోకి వచ్చింది. వచ్చీ రావడమే తలుపు దగ్గర కాకుండా వంటింటి గోడలోంచి దర్జాగా లోపలికి నడిచింది. అక్కణ్ణుంచి ఇంకో గోడలోంచి పడకగదిలోకి. జనం ఘొల్లుమన్నారు.

"యాడీ!" అని పిలిచాను. వాళ్ళ భాషలో అమ్మ అని. "గోడలల్ల నుంచి నడుస్తున్నవ్. దేవతవా, దయ్యానివా?"

"సాబ్, ఈమెకు తలుపులు దండుగ. ఆ చెక్క మిగిలిపాయె" అన్నాడు కరీం.

నవ్వులు ఇంకా పెరిగాయి. కమ్లీ కూడా నవ్వింది. నవ్వుతూనే బిందె దించి, గది నడుమ నిలబడి, తల అటూ ఇటూ తిప్పింది, ఎవరో పిలుస్తారేమో అన్నట్టు. మూడు రాళ్ళు తీసి పడకగదిలో పొయ్యి పెట్టింది. "తలుపెక్కడ యాడీ?" అంటే నిమ్మళంగా గోడ చూపించింది.

నేను పకపకా నవ్వాను. ఇది రాయకపోతే మిగతాదంతా అబద్ధమవుతుంది. నవ్వాను.

అప్పుడు వినబడింది భూలీ కేక. ఆ చివర, ముప్పై ఎనిమిదో నంబరు నుంచి. పక్కన ట్రాక్టరు ఆడుతోంది కాబట్టి మాట తెలియలేదు, గొంతు మాత్రం తెలిసింది. చూస్తే భూలీ తన పొయ్యి, గిన్నె వదిలేసి కొంగు నడుముకు చెక్కుకుని పరుగెత్తుకొస్తోంది. దారిలో ఒకరి మంచం తన్నేసింది, ఒక మేకను దాటింది. ఆమె చెయ్యి చూపిస్తున్న వైపు తిరిగాను. కమ్లీ రెండో నంబరులోని గొయ్యి మీదికి నడుస్తోంది. ఏమాత్రం అనుమానం లేకుండా, మన ఇంట్లో మనం నడిచినట్టు.

కరీం సున్నం తట్ట విసిరేసి ఒక్క దూకు దూకి ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు. ఆమె కాలి బొటనవేలు గొయ్యి అంచు మీద ఉంది. మట్టి పెళ్ళ ఒకటి లోపల పడి చప్పుడైంది. ఆ చప్పుడు కొలవను. అది ఉన్నంతే ఉంది.

భూలీ ఆయాసపడుతూ వచ్చి తిట్టడం మొదలుపెట్టింది. కమ్లీ తిరిగి తిట్టింది. ఈసారి నాకు బుద్ధొచ్చింది.

"సునీతమ్మా, ఏమంటున్నది ఈమె? ఉన్నది ఉన్నట్టు చెప్పు."

సునీత గొంతు సవరించుకుంది. "'రాణిగారు బయలెల్లింది, ముందల గుంత ఉంది, పడు, పడి నడుం ఇరగ్గొట్టుకో' అంటుంది సార్. 'కుడి దిక్కు మర్లు దున్నపోతా, మేస్త్రీ తట్ట పడి ఉంది, దాని మీద కాలేస్తవ్' అంటుంది."

"రోజూ గిట్లనే తిడతదా?"

"గిట్లనే సార్. 'మేకను గడప కాడ కట్టేసిన, దాని కొమ్ములు కడుపుల పొడిపించుకో.' 'పొయ్యిల నిప్పుంది, చెయ్యి బెట్టు, కాలుతది.' గోడకు అవతల నుంచి పొద్దంత ఇదే. కమ్లీ యాడికి మూడేండ్ల సంది కండ్లు సరిగ కానరావు."

ముందే చెప్పాను కదా, తిట్టు అర్థం కావడానికి భాష ఎందుకు అనుకోవడమే నా అతి పెద్ద తప్పని. అందుకే.

"తండల అందరికి ఎరికేనా?"

"అందరికి ఎరికే."

"మరి నాకొక్క మాట చెప్పొద్దా?"

సునీత నెమ్మదిగా అంది. "మీరు ఇల్లు అడిగిండ్రు సార్. కండ్లు అడగలే."

మిర్చి ఊరి ఇంటావిడ అన్న మాటే ఇది. నడుమ ఎన్నేళ్ళు గడిచినా నేను అక్కడే ఉన్నాను.

"భూలమ్మా, మరి మీటింగుల దూరంగ ఇయ్యమంటివి గదా?" అన్నాను.

"పక్కకు ఇయ్యమంటే ఎందుకని అడుగుతవ్. పదిమందిల దీనికి కండ్లు లేవని చెప్పాల్నా? నువ్వేమొ రాసుకుంటివి. కండ్లు లేనిదానికి ఇల్లెందుకు, బూర్గంపాడుల బిడ్డ దగ్గరికి పో అని పేరు కొట్టేస్తే? దీనికి అక్కడికి పోవుడు ఇష్టం లేదు." భూలీ కొంగుతో మొహం తుడుచుకుంది. "ఇల్లు కట్టినంక నేనే వచ్చి దీని అరుగు మీద పండుదామనుకున్న. నా ఇంట్ల పత్తి పోసుకుంట."

కమ్లీ తల ఆ గొంతు వైపు తిరిగింది. ఈ సంగతి ఆమెకూ అప్పుడే తెలిసినట్టుంది.

"నా అరుగు మీద నీకు జాగ ఎవడిచ్చిండే?" అంది, తెలుగులోనే, నాకు కూడా అర్థం కావాలని కాబోలు.

కాగితం తిరగేయడం

కమ్లీ పక్కన భూలీకి ఇవ్వాల్సిన రెండో నంబరు ప్లాటు సునీత వాళ్ళది. రోడ్డు వైపు మంచి జాగా. వాళ్ళ నాన్న అక్కడ కొట్టు పెట్టాలని మూడు రాత్రులు కలలు కన్నాడు. సునీత ఆయన్ని పక్కకు తీసుకెళ్ళి ఏం చెప్పిందో నాకు తెలియదు. తిరిగొచ్చి, "సరే సారూ, ఆ చివర్న బస్సు మర్లే కాడ కొట్టు ఇంక మంచిగ నడుస్తది" అన్నాడు, తనను తానే ఒప్పించుకుంటున్నట్టు. కాగితం మీద సంతకం చేశాడు. ఆ ఒక్క సంతకం నేను సంపాదించలేదు, అందుకే నాకు దాని మీద గౌరవం.

శనివారం కొట్టివేతలున్న ఆ జాబితా పట్టుకుని డీఈ సారు దగ్గర నిలబడ్డాను.

"నంబర్లు మార్చడానికి ఇదేమన్నా బస్సు సీటా? రుమాలు వేసి పట్టుకుంటారా?" మీసాలు లేచాయి. "రిమార్కులో 'పడదు' అని నువ్వే రాశావు. ఇప్పుడు పక్కపక్కన ఇవ్వమని నువ్వే అంటున్నావు."

గొయ్యి సంగతి చెప్పాను. ఆయన కలం మూత పెట్టి, తీసి, మళ్ళీ పెట్టారు. మంచి మనిషే. సంతకాలతో మాత్రమే మాట్లాడీ మాట్లాడీ మనుషులతో మాట్లాడటం మరిచిపోయాడు. మనందరికీ రాబోయే జబ్బే అది, జాగ్రత్త.

"కళ్ళు కనబడవని రాస్తే పైనుంచి ప్రశ్న వస్తుంది. ఏం రాస్తావు?"

"'ఇరుగుపొరుగు సంబంధాలు మిక్కిలి సన్నిహితం' అని రాస్తాను సార్."

"సోమవారం పడదు, శనివారం సన్నిహితమా?"

"పెళ్ళైనవాళ్ళను ఎవరినైనా అడగండి సార్, రెండూ ఒకటేనంటారు."

మీసాల మీది నిమ్మకాయలు ఆ రోజు పడ్డాయి. సంతకం పెట్టారు.

ఇంకో చిక్కు మిగిలింది. మా నమూనా ప్లానులో పక్క కిటికీ కుడివైపు ఒక్కటే. కమ్లీ కిటికీ భూలీ ఇంటి వైపు తెరుచుకుంటుంది కానీ, అక్కడ ఎదురయ్యేది భూలీ ఇంటి మొండి గోడ. తిట్టు గోడకు తగిలి వెనక్కి పోతుంది. కొత్త ప్లానుకు అనుమతి కావాలంటే ఇద్దరు ముసలమ్మలూ శతాయుష్షులు కావాలి.

కరీం నా చేతిలోంచి ప్లాను కాగితం తీసుకుని, తిరగేసి, ఎండకు ఎత్తి పట్టాడు. గీతలు వెనక నుంచి కనిపించాయి. భూలీ ఇంటి కిటికీ ఎడమకు, కమ్లీ వైపుకు వచ్చింది.

"చూడుండ్రి సాబ్. అదే ప్లాను, అదే కాయితం. నేను జర ఉల్టా పట్టుకున్న, గంతే. మేస్త్రీ అన్నంక గలతీ జేస్తడు గదా?"

ఆ తప్పు ఇంకా అక్కడ నిలబడే ఉంది. మీరు కొత్తగా చేరి తనిఖీకి వెళ్ళినప్పుడు కనిపిస్తే, దయచేసి కనిపెట్టకండి.

ఇంతకీ నేను నేర్చుకున్నదేమిటని అడుగుతారు మీరు. పెద్దగా ఏమీ లేదు. మీటింగులో జనం చెప్పేది అబద్ధం కాదు, పదిమందిలో చెప్పుకోదగిన నిజం. మిగతా నిజం కోసం ఇంకో రోజు వెళ్ళాలి. అందరూ ఒకే మాట అన్న ఊరికి తప్పకుండా మళ్ళీ వెళ్ళాలి. మీకు రాని భాషలో ఎవరైనా గట్టిగా మాట్లాడుతుంటే, గొంతును బట్టి రిమార్కు రాయకండి. ఎవరినైనా చూసి మీకు మరీ నవ్వొస్తుంటే, మీరేదో గమనించలేదని గుర్తు. ఇవి ఏ ట్రైనింగులోనూ చెప్పరు. ట్రైనింగులో చెప్పేవి నేను మరిచిపోయాను, ఏ నష్టమూ రాలేదు.

నా రిమార్కు

పోయిన నెల ఆ తండాకు వెళ్ళాను, మోకాళ్ళను బతిమాలి. బస్సు ఇప్పుడు తండాలోనే మర్లుతోంది. సునీత వాళ్ళ నాన్న కొట్టు దగ్గర దిగాను. టవరు ఇంకా రాలేదు, ఇప్పచెట్టు అట్లాగే సేవ చేస్తోంది. బడికి గోడ వచ్చింది, మేకలు దూకడం నేర్చుకున్నాయి. వీధి వెడల్పుగా ఉంది. సగం పత్తి, సగం డీజే అని పంచాయితీలో ఒప్పందమైందట.

కమ్లీని సునీత భద్రాచలం దవాఖానకు తీసుకెళ్ళింది. ఒక కన్నుకు ఆపరేషను చేశారు, కొంచెం వెలుగొచ్చింది. రెండో కన్ను సంగతి మరిచిపొమ్మన్నారు. ఇప్పుడు మనుషులు నీడల్లా తెలుస్తారట, మొహాలు తెలియవట.

ఒకటో నంబరు అరుగు మీద కమ్లీ పత్తికాయలు ఒలుస్తోంది. నేను గడప దగ్గర చెప్పులు విడుస్తుంటే పక్కింటి కిటికీలోంచి భూలీ చూసింది. వెంటనే ఆ మహా గొంతు లేచింది, లంబాడీలో, ఊపిరి తీసుకోకుండా. కమ్లీ చేతిలో పత్తికాయ ఆగింది. ఆమె నా నీడ వైపు తిరిగి మొహమంతా నవ్వింది.

"ఇండ్ల సారు వచ్చిండా? రా సారూ, కూసో."

వెళ్ళి కూర్చున్నాను. అప్పటిదాకా నేను నోరు తెరవనేలేదు. పేరు చెప్పలేదు. వెనకాల నిలబడ్డ సునీత నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఏమని చెప్పిందమ్మా ఆమె?"

"వద్దులే సార్."

"ఉన్నది ఉన్నట్టు చెప్పు."

"'బొజ్జ ముందల వచ్చింది, మనిషి వెనకాల వస్తుండు. ఎడమ మోకాలు ఏడుస్తుంది. నెత్తి మీద నాలుగు ఎంటికలు, నోట్ల నాలుగు వందల అబద్ధాలు. చెప్పులు గడపకు అడ్డం ఇడిసిండు, జూసి నడువ్' అన్నది సార్."

ఇన్నేళ్ళ ఉద్యోగంలో వేలమంది మీద రిమార్కులు రాశాను. నా మీద ఒకరు రాయడం అదే మొదలు. గోరంత గడిలో పట్టేంతే ఉంది, అయినా ఏదీ వదిలిపెట్టలేదు. ఒక మనిషి కాలికి తగలకుండా ఉండాల్సింది కూడా చివర్లో ఉంది.

లేచి వెళ్ళి నా చెప్పులు పక్కకు పెట్టుకున్నాను.